బీరువా నిండా పాత సింథసైజర్ల నోట్సు: దాచాలా, నెట్‌లో పెట్టాలా, తూకానికి వేయాలా?

శ్రుతిపెట్టె
కడుపు మండి రాస్తున్నాను, పొడుగైతే ఓర్చుకోండి. ఎనభైల మొదట్లో బెజవాడ ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు పట్టి, తర్వాత మద్రాసు చేరి రికార్డింగుల్లో వాయించాను. చేతికి అందిన ప్రతి సింథసైజర్ (కరెంటుతో రకరకాల శబ్దాలు పుట్టించే కీబోర్డు) గురించీ నోట్సు రాసుకోవడం అప్పటి నుంచీ ఉన్న పిచ్చి. నావే కానక్కర్లేదు. టీ విరామానికి అందరూ బయటికి వెళితే నేను పక్కవాడి యంత్రం వెనక్కి వంగి సీరియల్ నంబరు ఎక్కించుకునేవాడిని. ఎవరు ఎక్కడి నుంచి తెప్పించారు, ఎన్ని వోల్టులది, ఏ మెట్టు పలకడం లేదు, ఏ నాబ్ గరగరలాడుతోంది, పాటలో ఏ బిట్‌కు ఏ టోన్ కట్టాం (ఏ రకం శబ్దం అమర్చాం), దానికి ప్యానెల్ మీద ఏది ఎక్కడ పెట్టాం, అన్నీ రాశాను. బీరువా కింది అర మొత్తం అవే.

మొన్న ఒక కుర్రాడు వచ్చాడు, పాత సింథ్‌ల మీద వీడియోలు చేస్తాడట. సంబరపడి అన్నీ ముందు పరిచాను. కాసేపు తిరగేసి, "ఈ వివరాలన్నీ నెట్‌లో ఉన్నాయి కదా అంకుల్, శాంపిల్స్ ఏమైనా ఉంటే ఇవ్వండి" అన్నాడు, అంటే ఆ యంత్రాల శబ్దాల రికార్డింగు ముక్కలు. మా అబ్బాయేమో తూకానికి వేసేద్దామంటాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారేమో అనిపించింది.

ఇవి నిజంగా ఎవరికీ అక్కర్లేనివేనా? అక్కరుంటే ఏ రూపంలో పెట్టాలి? మొహమాటం లేకుండా చెప్పండి.

అనలాగ్ అప్పారావు
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను. కుర్రాడు అన్న తీరు బాగాలేదు కానీ మాటలో తప్పు లేదు. మినీమూగ్ అనే అమెరికా సింథ్‌లో మూడు ఆసిలేటర్లు (స్వరం పుట్టించే భాగాలు), 44 మెట్లు, 1970లో వచ్చింది, 1981 దాకా తయారైంది. ఇది ఎవరైనా నిమిషంలో వెతుక్కుంటారు. దొరకనిది ఆ యంత్రం పలికిన శబ్దం. మీరు అన్నేళ్లూ పెన్ను బదులు టేప్ రికార్డర్ పట్టుకుని ఉంటే ఈరోజు అందరూ మీ గుమ్మం ముందు ఉండేవారు.

టంకం
అప్పారావు గారూ, మీరు యంత్రాన్ని వింటారు, నేను విప్పుతాను. అందుకే నాకు ఆ నోట్సు కావాలి.

నా బల్ల మీదికి రోలాండ్ జూనో-106 అనే సింథ్ రిపేరుకు వస్తుంది. 1984 నాటి సరుకు, ఆరు గొంతులు, అంటే ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతుంది. ఒక్కో గొంతుకు ఒక్కో 80017ఏ అనే చిన్న మాడ్యూల్, అందులోనే శబ్దపు రంగు మార్చే ఫిల్టరూ, వాల్యూమూ. దాని మీద పోసిన నల్లటి పూత ఏళ్లు గడిచేకొద్దీ లోపల కరెంటు దారి తప్పేలా చేస్తుంది. ఒక గొంతు చిటపటలాడుతుంది, ఇంకొకటి మూగబోతుంది. అసిటోన్‌లో నానబెట్టి పూత ఒలిస్తే చాలావరకు కోలుకుంటాయి, లేకపోతే కొత్తగా తయారుచేసిన ప్రత్యామ్నాయాలు వేయాలి. ఇదంతా నెట్‌లో ఉంది, ఒప్పుకుంటాను. ఈ ఒక్క యంత్రంలో ఎవరు ఎప్పుడు ఏ మాడ్యూల్ మార్చారో మాత్రం ఏ నెట్‌లోనూ లేదు. అది తెలియక నేను రోజుల తరబడి తల పట్టుకున్న సందర్భాలున్నాయి.

ఇంకో మాట. మూత తీస్తే ఐసీల (చిప్పుల) మీద నాలుగంకెలు కనిపిస్తాయి. 8423 అంటే 1984లో 23వ వారంలో తయారైందని. లోపలి ఐసీలన్నీ చదివితే యంత్రం ఎప్పుడు పుట్టిందో ఇంచుమించు తెలిసిపోతుంది. మధ్యలో 9110 అని ఒకటి కనబడిందా, ఎవరో రిపేరు చేశారన్నమాట. ఆ చేసిందెవరో, ఎందుకో మాస్టారి నోట్సులాంటి దాంట్లోనే దొరకాలి.

గోదారి గట్టు
మా ఊళ్లో సింథసైజర్ చరిత్ర ఒక్క ముక్కలో: మెట్లుండి కరెంటుతో పలికేది ఏదైనా "కాసియో". రోలాండ్ తెచ్చినా "కొత్త కాసియో కొన్నాడు" అనేవారు. మాస్టారి నోట్సులో దానికో పేజీ ఉందా?

శ్రుతిపెట్టె
ఎందుకు లేదు? 1981లో వచ్చిన కాసియో వీఎల్-1 గురించి రెండు పేజీలున్నాయి. ఒక మీట జరిపితే వాయిద్యం, ఇంకోవైపు జరిపితే లెక్కల యంత్రం. మా ఆర్కెస్ట్రా యజమాని దాని మీద పాట వాయింపించుకుని, దాని మీదే మాకు ఇవ్వాల్సిన డబ్బులు లెక్కేసేవాడు. లెక్క ఎప్పుడూ తక్కువే వచ్చేది. కాసియోదే సీజెడ్-101 మాత్రం నవ్వులాటకు కాదు. 1984లో ఆ ధరకు అలాంటి సింథసైజర్ ఇంకొకటి లేదు. మెట్లు చిన్నవి కావడంతో వేళ్లు లావుగా ఉన్నవాళ్లు తిట్టుకునేవారు.

మూడో మెట్టు
వాదన తర్వాత చూద్దాం. ఒక పేజీ ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దింపండి మాస్టారూ. చూడకుండా విలువ కడుతున్నాం.

శ్రుతిపెట్టె
సరే, మినీమూగ్ పేజీ ఒకటి. అక్షరం మార్చకుండా:

"బాస్ బిట్‌కు. ఒకటో ఆసిలేటర్ 32, రెండోది 32, ముల్లు సున్నాకు కొంచెం కుడికి. మూడోది ఆపేశాం. కటాఫ్ మైనస్ 2. ఎంఫసిస్ 4. కాంటూర్ అమౌంట్ 6. గ్లైడ్ 2 కంటే తక్కువ. ఆన్ చేశాక అరగంట ఆగాలి, లేకపోతే శ్రుతి జారుతుంది. ఏసీ గాలి నేరుగా తగులుతోంది, అట్ట అడ్డం పెట్టాం. బెండ్ చక్రం మధ్యకు వచ్చినా శ్రుతి మధ్యకు రావడం లేదు, చేత్తో సరిచేయాలి. గమకం వేసేటప్పుడు జాగ్రత్త."

కటాఫ్, ఎంఫసిస్, కాంటూర్ ఫిల్టర్ నాబ్‌లు; గ్లైడ్ ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడానికి; బెండ్ చక్రం స్వరాన్ని పైకీ కిందికీ వంచడానికి. మినీమూగ్‌లో టోన్ దాచుకునే జ్ఞాపకశక్తి ఉండదు కదా. మర్నాడు అదే టోన్ కావాలంటే కాగితమే దిక్కు. అసలు కంపెనీలే ప్యానెల్ బొమ్మ అచ్చువేసిన ఖాళీ కాగితాలు ఇచ్చేవి, నాబ్ మీద గీత గీసి పెట్టుకోమని. నేను ఆ బొమ్మను సైక్లోస్టైల్ తీయించి కట్ట కట్టుకున్నాను.

మూడో మెట్టు
ఏసీకి అట్ట అడ్డం పెట్టిన సంగతి ఏ మాన్యువల్‌లో ఉంటుంది? తూకానికి వేయకండి బాబూ.

అనలాగ్ అప్పారావు
పేజీ బాగుంది, చదవడానికి ముచ్చటగా ఉంది. కానీ ఎంఫసిస్ 4 అని రాశారు, ఆ 4 ఎవరి 4? మా ఫ్రెండు మినీమూగ్ మీద 4 పెడితే మెత్తగా ఉంటుంది, ఇంకో దాని మీద అప్పుడే ఈల మొదలయ్యేలా ఉంటుంది. నాబ్ ఊడి కొంచెం వంకరగా బిగించారంటే అంకె మొత్తం అబద్ధం. ఈ కాగితం పట్టుకుని ఎవరూ ఆ శబ్దం తిరిగి రాబట్టలేరు. అదే ఒక్క నిమిషం రికార్డింగ్ ఉంటే చెవితో సరిపోల్చుకోవచ్చు.

టంకం
అంకెల విషయంలో నిజమే. విడిభాగాలు ఏ రెండూ సమానంగా ఉండవు, వయసు పెరిగితే తేడా ఇంకా పెరుగుతుంది. కానీ మీ రికార్డింగ్ వింటే అది ఒక ఆసిలేటరా, రెండా, ఎంత ఎడంగా శ్రుతి చేశారో గ్యారంటీగా చెప్పగలరా? మధ్యలో స్టూడియో ఎకో, టేపు, మిక్సింగ్ ఇంజినీరు చెయ్యి, ఇవన్నీ కలిసి ఉంటాయి. కాగితం దారి చూపిస్తుంది, చెవి గమ్యం చూపిస్తుంది. దేన్ని వదిలేసినా సగమే.

అనలాగ్ అప్పారావు
సగం సగం అంటే నాకు అభ్యంతరం లేదు. ఇందాకటి దాకా శబ్దానికి అసలు వాటాయే ఇవ్వలేదు మీరు.

ఫ్రీమాంట్ వాసు
ఇలాంటి పిచ్చి మాస్టారొక్కరిదే కాదు. ఇక్కడ అమెరికాలో మార్క్ వేల్ అని ఒక కీబోర్డు వాద్యకారుడు, 'కీబోర్డు' అనే పత్రికలో పాత సింథసైజర్ల మీద శీర్షిక నడిపాడు. ఆ వ్యాసాలతో 1993లో పుస్తకం వచ్చింది, 2000లో పెంచి మళ్లీ వేశారు. ఆ శీర్షిక పడే నాటికి చాలామంది దృష్టిలో ఆ యంత్రాలు కాలం చెల్లిన ఇనుము. ఆయన చేసిన తెలివైన పని, యంత్రం గురించే రాసి ఊరుకోకుండా తయారుచేసినవాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడించడం. మూగ్, బుక్లా, పెర్ల్‌మన్, వీళ్లెవరూ ఇప్పుడు లేరు. ఇప్పుడు అడుగుదామన్నా అడగలేం.

చిన్న విషయాలు కూడా ఎంత చెబుతాయో చూడండి. మినీమూగ్ వెనక రేకు మీద ఉండే కంపెనీ పేరు ఒకటే కాదు. మొదటివాటి మీద ఆర్.ఎ.మూగ్, కొన్నాళ్లు మూగ్ మ్యూసానిక్స్, ఆ తర్వాత మూగ్ మ్యూజిక్. ట్రూమన్స్‌బర్గ్ నుంచి బఫెలో పక్కనున్న విలియమ్స్‌విల్‌కు కంపెనీ తరలిపోవడం, చేతులు మారడం, అంతా ఆ రేకు ముక్క మీదే ఉంది. మాస్టారూ, మీరు రేకు మీద పేరు రాసుకున్నారా?

శ్రుతిపెట్టె
రాశాను. మద్రాసులో నేను చూసినవన్నీ మూగ్ మ్యూజిక్‌వే. మ్యూసానిక్స్ రేకు ఒక్కసారైనా కంటపడలేదు.

నేల టికెట్టు
మీరంతా మద్రాసు, అమెరికా అంటున్నారు, మధ్యలో అహ్మదాబాద్ మరిచిపోయారు. 1969లోనే అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు మూగ్ మాడ్యులర్ (విడి పెట్టెలను తీగలతో కలిపి శబ్దం పుట్టించే పెద్ద సింథ్) వచ్చింది. అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, జిన్‌రాజ్ జోషీపురా లాంటివాళ్లు దాని మీద పనిచేశారు. మన సినిమా స్టూడియోల్లో సింథసైజర్ అనే మాట నలగకముందే! వాళ్లు రికార్డు చేసిన టేపు రీళ్లు దశాబ్దాల పాటు సంస్థ అరల్లో పడి ఉన్నాయి. లండన్‌లో ఉండే పాల్ పర్గస్ అనే కళాకారుడు వెళ్లి వెలికితీస్తే తప్ప లోకానికి తెలియలేదు. 2023లో కొన్నిటిని కలిపి ఆల్బమ్‌గా కూడా వేశారు. నేను విన్నాను. కొన్ని వింతగా ఉన్నాయి, కొన్ని అసలు సంగీతమేనా అనిపించాయి, ఒకటి రెండు మాత్రం వదలకుండా పట్టుకున్నాయి.

ఎవరో ఒకరు ఆ రీళ్లను తూకానికి వేసి ఉంటే? అంతే సంగతులు.

అనలాగ్ అప్పారావు
చూశారా, బతికి బయటపడింది రీళ్లు. శబ్దం!

టంకం
మాడ్యులర్‌లో ఏ తీగ ఏ రంధ్రంలో గుచ్చారో రీలు విని చెప్పండి, మీకు నా మల్టీమీటర్ రాసిస్తాను.

మూడో మెట్టు
చరణ్‌జిత్ సింగ్ సంగతీ ఇలాంటిదే. బొంబాయి సెషన్ వాద్యకారుడు, 1982లో పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు చేశాడు. అప్పట్లో పట్టించుకున్నవాడు లేడు. 2010లో ఆ రికార్డును మళ్లీ వేశాక ప్రపంచమంతా ఉలిక్కిపడింది, షికాగోలో యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టకముందే ఇలాంటిది బొంబాయిలో ఎలా వచ్చిందని. వాడింది మూడు రోలాండ్ యంత్రాలు: టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8. అదృష్టం ఏమిటంటే ఆయన అప్పటికి బతికే ఉన్నాడు, అడిగినవాళ్లకు తనే చెప్పాడు. 2015లో పోయారు. ఐదేళ్లు ఆలస్యమై ఉంటే ఊహాగానాలే మిగిలేవి.

మన దగ్గర చూడండి. రెహమాన్ ఇంకా దిలీప్‌గా ఉన్నప్పుడు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించారని అందరూ చెబుతారు. ఏ పాటకు ఏ యంత్రమో అడిగితే మాత్రం చర్చ కొట్లాటలోకి దిగుతుంది.

శ్రుతిపెట్టె
ఆ కొట్లాటలోకి నన్ను లాగకండి. నేను ఉన్న గదుల గురించే రాశాను, వినికిడి కబుర్లు రాయలేదు.

వోల్టేజి బాధితుడు
నోట్సులో వోల్టేజి రాసుకున్నందుకు మాస్టారికి దండం. జపాన్ లోపలి అమ్మకానికి చేసిన యంత్రాలు 100 వోల్టులవి. మా పెదనాన్న కొడుకు సింగపూర్ నుంచి సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి ఒకటి తెచ్చాడు. ఎవరి దగ్గర కొన్నాడో, అది ఎక్కడి సరుకో తెలియదు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాడు. నీలం పొగ, కాలిన వాసన, మా నాయనమ్మ కేక. ఒక్క స్వరం వినలేదు మేము. వెనక రేకు మీద చిన్న అక్షరాలతో 100 అని ఉంది, చదివింది పొగ తగ్గాక.

గోదారి గట్టు
అప్పారావు గారి లెక్కన ఆ శబ్దం కూడా రికార్డు చేసి ఉండాల్సింది.

అనలాగ్ అప్పారావు
నాయనమ్మ కేక మాత్రం కొనుక్కుంటాను.

నాగోయా రాజు
జపాన్‌లో నేనుండే చోటు నుంచి హమామాత్సు ఊరు దగ్గరే. అక్కడ నగరపాలక సంస్థ నడిపే వాయిద్యాల మ్యూజియం ఉంది, 1995లో మొదలైంది. చాలా వాయిద్యాల పక్కన హెడ్‌ఫోన్లు పెట్టారు, వస్తువును చూస్తూ దాని శబ్దం వినవచ్చు. ఇక్కడి వాదన చదువుతుంటే అదే గుర్తుకొచ్చింది. అయితే కళ్లకూ చెవులకూ అందుతుంది కానీ చేతులకు అందదు.

ఉదాహరణకు యమహా సీఎస్-80. బరువు దాదాపు వంద కిలోలు. మనం అనుకునే ప్యాచ్ మెమరీ (టోన్లు దాచుకునే సదుపాయం) అందులో లేదు. ఒక చిన్న మూత ఎత్తితే కింద పై ప్యానెల్‌కు నకలుగా బుల్లి స్లైడర్లు వరుసగా ఉంటాయి, నాలుగు టోన్లకు నాలుగు వరుసలు. వేలి కొసతో జరిపి టోన్ అక్కడే అమర్చి ఉంచుకోవాలి. ఒక్కో మెట్టును విడివిడిగా నొక్కి పట్టి స్వరాన్ని మార్చవచ్చు. ఇది ఫొటోలో చూసినా, శబ్దం విన్నా అర్థం కాదు. వాయించినవాడు రాయాలి.

పల్లకి
మొదటి నుంచీ చదువుతున్నాను, ఇప్పుడు అడగక తప్పడం లేదు. మా నాన్నగారు ఏలూరులో ఆర్కెస్ట్రాలో వాయించేవారు. ఆయన పోయాక అటక మీద కోర్గ్ పాలీసిక్స్ అనే సింథ్ ఒకటి గోనెసంచిలో అలాగే ఉండిపోయింది. దాంతో పాటు ఒక క్యాసెట్, పైన నాన్నగారి చేతిరాతతో "టోన్లు" అని ఉంది. వేస్తే పాటలేమీ లేవు, చెవులు చిల్లులు పడేలా కీచుమనే చప్పుడు. పాడైపోయిందని పారేయబోతే అమ్మ వద్దంది. పాడైందేనా?

టంకం
పారేయకండి! ఆ కీచు చప్పుడే టోన్లు. పాలీసిక్స్ 1981లో వచ్చింది, 32 టోన్లు దాచుకుంటుంది. వాటిని శబ్దంగా మార్చి మామూలు క్యాసెట్ మీదికి ఎక్కించే సదుపాయం ఉంది. తిరిగి వినిపిస్తే యంత్రం చదువుకుంటుంది. మీ నాన్నగారు కట్టిన టోన్లన్నీ అందులో ఉన్నాయన్నమాట.

దానికంటే తొందర పని ఇంకొకటి. ఆ యంత్రంలో కేఎల్ఎం-367 అనే బోర్డు మీద రీచార్జి బ్యాటరీ ఒకటి టంకం పెట్టి ఉంటుంది. అది కారి చుట్టూ ఉన్న రాగి గీతలను తినేస్తుంది. పాలీసిక్స్‌లు పాడయ్యేది ఎక్కువగా దీనివల్లే. ఆన్ చేసి చూడకండి. ముందు మూత తీయించి బ్యాటరీ కత్తిరించేయండి.

అనలాగ్ అప్పారావు
క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు వేవ్ ఫైలుగానే తీయండి, ఎంపీ3 చేయకండి. నాయిస్ తగ్గించే మీటలన్నీ ఆపేయండి. ముందుగా టేప్ రికార్డర్ హెడ్డు శుభ్రం చేయించండి. రెండు మూడు సార్లు తీసి అన్నీ ఉంచుకోండి, ఏది చదువుకుంటుందో ముందే తెలియదు. ఎక్కడైనా ఒక్క చోట టేపు నలిగినా మొత్తం నిరాకరిస్తుంది.

శ్రుతిపెట్టె
అమ్మా, మీ అమ్మగారు మంచి పని చేశారు. ఏలూరు ఆర్కెస్ట్రాలతో కలిసి వాయించిన రోజులున్నాయి. యంత్రం వెనక నంబరు కనబడితే పంపండి, నా దగ్గర ఉన్న పట్టీలో చూస్తాను.

కుర్రకీస్
యమహా డీఎక్స్7 సింథ్ కూడా మీ లెక్కలో పాతదేనా? అది డిజిటల్ కదా. అనలాగ్ కాకపోతే వింటేజ్ ఎలా అవుతుంది?

టంకం
1983లో పుట్టింది, నీకంటే పెద్దదే అనుకుంటాను.

ఫ్రీమాంట్ వాసు
డిజిటల్ కాబట్టే దాన్ని భద్రపరచడం తేలిక. స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతిని (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని మార్చి శబ్దం పుట్టించడం) యమహా తీసుకుని చేసింది. అందులో దాచిన 32 టోన్లూ మిడి తీగ (వాయిద్యాన్ని కంప్యూటర్‌తో కలిపేది) గుండా పంపితే మొత్తం 4,104 బైట్లు. ఇక్కడ 4 అంటే ఎక్కడైనా 4, అంకె మారదు, అప్పారావు గారి అభ్యంతరం చెల్లదు. కాకపోతే లోపల బ్యాటరీ అయిపోతే టోన్లన్నీ గాలికి పోతాయి. బ్యాటరీ మార్చే ముందు డంప్ (టోన్ల నకలు) తీసుకోవడం మరవకండి.

కుర్రకీస్
అయితే డీఎక్స్7కు నోట్సు అక్కర్లేదన్నమాట.

శ్రుతిపెట్టె
అక్కడే పొరపాటు పడుతున్నావు బాబూ. అంకెలు దొరుకుతాయి, వాటిని ఎలా వాడారో దొరకదు. ఒక టోన్ ఉంది, షెహనాయికి దగ్గరగా వచ్చేలా కట్టింది. ఊరికే మెట్టు నొక్కితే దోమ రొదలా ఉంటుంది. ఎడమచెయ్యి బెండ్ చక్రం మీద ఉంచి, ప్రతి స్వరాన్నీ కింది నుంచి ఎక్కించి, బ్రెత్ కంట్రోలర్ నోట్లో పెట్టుకుని ఊదితేనే అది షెహనాయి. డంప్ ఫైలులో ఈ ఊపిరి ఎక్కడుంది?

అనలాగ్ అప్పారావు
దీనికి నా దగ్గర జవాబు లేదు, వీడియో తీయమనడం తప్ప. మాస్టారూ, మీరు ఇంకా వాయిస్తున్నారు కదా. పేజీ ముందు పెట్టుకుని, చేతులు కనబడేలా ఫోనులో తీయండి. యంత్రం మా ఫ్రెండు దగ్గర ఉంది, హైదరాబాద్ వస్తే ఏర్పాటు నాది.

నేల టికెట్టు
నెట్‌లో పెట్టే ముందు ఒక్క ఆలోచన. వేరేవాళ్లు కట్టిన టోన్లు కూడా ఆ పుస్తకాల్లో ఉండి ఉంటాయి. వాళ్లో, వాళ్ల పిల్లలో ఉన్నారు. అడగకుండా పెట్టడం బాగుంటుందా? సంగీతం తిండి పెట్టని రోజుల్లో సొంత టోనే వాళ్ల ఆస్తి. పక్కవాడు చూడకుండా ప్యానెల్ మీద తువ్వాలు కప్పి టీకి వెళ్లినవాళ్లున్నారు.

మూడో మెట్టు
నలభై ఏళ్ల తర్వాత తువ్వాలు దేనికండీ? పేరు రాసి గౌరవంగా పెడితే వాళ్లకే కీర్తి. ఇలా జంకుతూ కూర్చుంటే మనకు మిగిలేవి చెదలే.

శ్రుతిపెట్టె
తువ్వాలు కప్పినవారి టోన్లు నేను రాయలేదు. అది నాకు నేను పెట్టుకున్న కట్టుబాటు. చూపించి చెప్పినవారివి రాశాను. అయినా పేరుతో పెట్టేముందు ఫోను చేస్తాను, ఉన్నవారికి. లేనివారి ఇళ్లకు కూడా. నేల టికెట్టు గారు అన్నది నాకు సబబుగా ఉంది.

మిగతాది ఇలా అనుకుంటున్నాను. ముందు నా సొంత యంత్రాల పేజీలు స్కాన్ చేయిస్తాను. టైపు చేయించడం తర్వాత, నా గీతలూ కొట్టివేతలూ కూడా కనబడాలి. ఎక్కడ పెట్టాలి?

ఫ్రీమాంట్ వాసు
ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి. ఒక్కో యంత్రానికి ఒక్కో ఫైలు, పేరులో మోడలూ సీరియల్ నంబరూ ఉండాలి. ఎవరైనా వెతికేది దాంతోనే. సొంత వెబ్‌సైటు మాత్రం వద్దు, అద్దె కట్టడం ఆగిన రోజున అన్నీ మాయమవుతాయి. స్కాన్ స్పష్టత 600 డీపీఐకి తగ్గకండి, పెన్సిల్ రాత ఉంటే రంగుల్లోనే తీయండి.

కుర్రకీస్
స్కానింగ్ నేను చేస్తాను మాస్టారూ, బెజవాడలోనే ఉంటాను. శాంపిల్స్ అడగను.

శ్రుతిపెట్టె
రా. టీ ఇస్తాను. తువ్వాలు కప్పను.

పల్లకి
టంకం గారూ, ఇక్కడి రేడియో మెకానిక్‌ను పిలిచి మూత తీయించాను. బ్యాటరీ చుట్టూ ఆకుపచ్చగా, తెల్లగా పొక్కులు లేచి ఉన్నాయి. ఒక మూల గీతలు నల్లబడ్డాయి. ఆయన యాసిడ్ కారిందంటున్నాడు, వంటసోడాతో కడుగుతానంటున్నాడు. కడగమనమంటారా?

టంకం
ఆపండి! అది ఆమ్లం కాదు, క్షారం. సోడా వేస్తే ఉపయోగం లేదు. బ్యాటరీ కత్తిరించి తీశాక వెనిగర్‌లో ముంచిన దూదితో అద్దాలి, నురగ ఆగేదాకా. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. కానీ దూది తాకకముందే బోర్డును రెండు వైపులా ఫొటోలు తీయండి, ఐసీల మీది అంకెలు చదవగలిగేంత దగ్గరగా. తెగిన గీతలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాయో తర్వాత వాటిని చూసే తీగలు వేయాలి. తీసిన బ్యాటరీని మాత్రం ఇంట్లో ఉంచకండి, అది దాచాల్సిన చరిత్ర కాదు.

పల్లకి
ఇంట్లో వెనిగర్ లేదు. నిమ్మరసం పనికొస్తుందా?

టంకం
పనికొస్తుంది. గింజలు తీసి వడగట్టండి.

గోదారి గట్టు
పంచదార వద్దని కూడా చెప్పండి, ఆర్కెస్ట్రావాళ్ల ఇల్లు అది.